ముఖచిత్రము క్రింద ఏ పేరు?

టెలివిజన్ నాటకములలోను చలనచిత్రములలోను పేరొందిన ఉర్దూ నటీమణి నొకరిని గూర్చి ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనము వ్రాయవలెనని సంపాదకులవారు సోమవారమునాడు నియోగించి, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి తమ బల్లపై నుండవలెనని గడువు విధించి, పోవుచు పోవుచు గుమ్మముకడ నిలిచి, “బొమ్మ క్రిందికి పేరు మాత్రము రేపే ఇచ్చివేయండి, అట్ట ముందుగా అచ్చుకు పోవలెను” అని సెలవిచ్చిరి. కథనముకంటె పేరు వ్రాయుట తేలిక గదాయని నేను తలయూచితిని. ఆ పేరే నన్ను మూడు దినములు ముప్పుతిప్పలు పెట్టినది.

నేనెన్నుకొన్న నటి బేగం ఖుర్షీద్ మిర్జా. 1970, 80 దశకములలో పాకిస్తాన్ టెలివిజన్ నాటకములు చూచినవారికి ఆమె ఇంటికి పెద్దదిక్కైన తలనెరసిన బేగము. అంతకు నాలుగు దశాబ్దములకు పూర్వము బొంబాయి టాకీస్‌వారి చిత్రములు చూచినవారికి ఆ ముఖమే రేణుకాదేవి. స్త్రీ ఒకతెయే, పేర్లు రెండు, దేశములును రెండు. అట్టపై చోటు మాత్రము ఒక్క పేరునకే కలదు.

పూర్వచరిత్రను గుక్కతిప్పుకొనకుండ చెప్పివేసెదను. తండ్రి షేక్ అబ్దుల్లా కాశ్మీరమున హిందూ కుటుంబములో బుట్టి ఇస్లామును స్వీకరించిన న్యాయవాది; భార్య వహీద్ జహాన్ బేగము తోడ్పాటుతో 1904లో ‘ఖాతూన్’ అను స్త్రీల పత్రికను నడపి, 1906లో అలీగఢ్‌లో బాలికల పాఠశాలను స్థాపించి, దానిని మహిళా కళాశాలవరకు పెంచినవాడు; పెద్ద కుమార్తె రషీద్ జహాన్ వైద్యురాలు, రచయిత్రి; ఖుర్షీద్ 1918లో జన్మించి, యుక్తవయస్సుననే పోలీసు అధికారియైన అక్బర్ మిర్జాకు ఇల్లాలై, 1937లో ‘జీవన్ ప్రభాత్’ చిత్రముతో తెరమీదికి వచ్చెను. చరిత్ర ఇంతటితో చాలును. నాకు కావలసినది పేరు.

ఘోషాను గడపలోనే ధిక్కరించిన ఇంటి ఆడపడుచునకు మారుపేరుతో పనియేమి? అక్కగారి సంగతి చూడుడు. 1932లో వెలువడి, మరుసటి యేడే నాటి యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వముచే నిషేధింపబడిన ‘అంగారే’ సంపుటములో రషీద్ జహాన్ రచనలు రెండు గలవు. అందొకటి పర్దా వెనుక నలిగిన ఆడుబ్రతుకును బయటపెట్టిన చిన్న నాటిక. నిందలు వచ్చినను, బెదిరింపులు వచ్చినను, ఆమె తన పేరును తుడిచివేయలేదు. ఐదేండ్లు గడచునప్పటికి చెల్లెలు కెమెరా ముందు నిలువగా, పుస్తకమున నిలిచిన ఆ ఇంటి ధైర్యము తెరపై నిలువలేక, స్టూడియోవారు పెట్టిన మారుపేరు చాటున దాగినది. నాకు తోచిన కారణమిది: అక్షరమును లోకము పండితులకు విడిచిపెట్టును, ముఖమును మాత్రము బజారు తనదనుకొనును, కులస్త్రీల తలిదండ్రుల నమ్మకముమీద బ్రతుకుచున్న బాలికల పాఠశాలకు ఒక కుమార్తె వ్రాసిన కథకంటె మరొక కుమార్తె నాలుగణాల టిక్కెట్టునకు కనబడుట మిక్కిలి ప్రమాదము.

ఇంతవరకు అందరును ఊహించునదే. మంగళవారము రాత్రి నాకు దొరకిన వివరము అట్టిది కాదు. ‘జీవన్ ప్రభాత్’కును, మరుసటి యేటి ‘భాభీ’కిని స్వరములు కూర్చినవారు సరస్వతీదేవి, ఆమె పుట్టుపేరు ఖుర్షీద్ హోమ్జీ, జన్మచే పార్సీ. ఆమెయు, సోదరి మానెక్కును చిత్రపరిశ్రమలో కాలుపెట్టినప్పుడు పార్సీ సమాజమువారు ఆందోళన చేయగా, బొంబాయి టాకీస్ అధిపతియైన హిమాంశురాయ్ ఒకరిని సరస్వతీదేవిగను మరొకరిని చంద్రప్రభగను మార్చి ఆ గాలివానను దాటించెను. అనగా మలాడ్‌లోని ఆ స్టూడియోలో ఒకే చిత్రమునకు ఒక ఖుర్షీద్ పాట కట్టుచుండగా మరొక ఖుర్షీద్ నటించుచుండెను; తెరపై పేర్లు పడునప్పుడు మాత్రము ఒక్క ఖుర్షీదును లేదు, ఇద్దరు దేవులు కలరు! ఖుర్షీద్ అనగా సూర్యుడు. ఒకే కప్పు క్రింద ఇద్దరు సూర్యులు అస్తమించిన వింత ఇది. దీనికి వెంటనే మతము రంగు పులుమవలదని నా మనవి: కుముద్‌లాల్ గంగూలీని అశోక్ కుమారుని చేసినదియు, 1944లో యూసుఫ్ ఖానును దిలీప్ కుమారుని చేసినదియు ఆ స్టూడియోయే. పేర్లు మార్చుట అచ్చట నిత్యకృత్యము. కాని మగవారికి మారుపేరు ఆకర్షణకై పెట్టిరి, ఆడవారికి ముసుగుగా వేసిరి.

ఆ ముసుగునకు రేణుక యను పేరే ఏల తగిలినదో గాని, తెలుగువాని చెవికి అది వేరుగా వినబడును. రేణువు ధూళికణము, లోకమునకెల్ల సూర్యుడని పుట్టుపేరు గల ఖుర్షీద్ జహాన్‌ను ధూళికణము చేసిరి. తెలంగాణమున ఊరూర రేణుక ఎల్లమ్మకు బోనమెత్తువారికి, మగని అనుమానమునకు కన్నకొడుకు గొడ్డలివ్రేటున తల కోల్పోయియు దేవతయై నిలిచిన ఇల్లాలి కథ తెలియనిది గాదు. స్టూడియోవారికి ఈ పురాణము స్ఫురించినదని నేననను; నాకు స్ఫురించినది.

మనవారికి మరొక చుట్టరికము గలదు. 1938 నాటి ‘భాభీ’లో ఆమె సరసన నటించిన నాయకుడు కరీంనగరమున బుట్టిన పైడి జయరాజ్, తరువాత 1980లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమందుకొన్న తెలుగుబిడ్డ. ‘భాభీ’ వచ్చినది తెలుగున ‘మాలపిల్ల’ చిత్రము వచ్చిన సంవత్సరమే. 1941లో కె.ఎ. అబ్బాస్ కథతో తీసిన ‘నయా సంసార్’ అయితే మావంటి పత్రికలవారి గోడే: ఆదర్శములు పలికిన సంపాదకుడు లొంగిపోవుట, విలేకరియైన అశోక్ కుమార్ ఎదురు తిరుగుట, ఇరువురి నడుమ రేణుకాదేవి. ఈ కథను మా సంపాదకులవారికి నేను చెప్పలేదు.

1945లో ‘గులామీ’, ‘సామ్రాట్ చంద్రగుప్త్’ వచ్చినవి. ఆపై దేశవిభజనము, పాకిస్తానమునకు తరలుట, గృహకృత్యములు, స్త్రీసంఘ సేవ. తెరమీద రేణుకాదేవి కథ అంతటితో ముగిసినది. సుమారు మూడు దశాబ్దములు గడచినపిమ్మట, హసీనా మొయిన్ వ్రాసిన ‘కిరణ్ కహానీ’తో ఆమె టెలివిజన్‌లో ప్రత్యక్షమైనది. ఈసారి పేరు ఖుర్షీద్ మిర్జా. అరువది సమీపించుచున్న స్త్రీ తన పేరుతో తెరమీదికి వచ్చినను మర్యాదకు లోటు రాదని లోకము తీర్పిచ్చినది కాబోలు! తెల్లవెండ్రుకలే చాలినంత ముసుగు.

ఆ రెండవ జీవితమున నాకు ఇష్టమైనది ఆమె నుడికారము. జనానాలలో స్త్రీలలో స్త్రీలు మాటాడుకొనుచు పెంచుకొన్న ఉర్దూకు బేగమాతీ జబాన్ అని పేరు. దీవెనలు, దెప్పులు, ఒట్లు, సామెతలు అన్నియు వేరు. మా నాయనమ్మ తాతగారి పేరు పలుకక “వారు” అనియు, కోపము వచ్చినప్పుడు “మీ తాత” అనియు చెప్పు తెలుగునకు అది దగ్గరి చుట్టము. ఆ భాష పుస్తకములలోనికి జారుకొనుచున్న కాలమున, దానిని ఉగ్గుపాలతో నేర్చిన స్త్రీ ఒకతె ‘జేర్ జబర్ పేష్’, ‘అఫ్షాన్’, ‘అనా’ వంటి ధారావాహికలలో వారము వారము పలికినది. ఎ.ఆర్. ఖాతూన్ నవలనుండి ‘అఫ్షాన్’ను టెలివిజన్‌కు మలచిన ఫాతిమా సురయ్యా బజియా హైదరాబాదు సంస్థానమున బుట్టి కరాచీ చేరిన ఆమె, అలీగఢ్ పలుకునకు దక్కను కలము తోడైనదన్నమాట.

1982 ఆగస్టు మొదలు 1983 ఏప్రిల్ వరకు కరాచీ మాసపత్రిక ‘హెరాల్డ్’లో ఆమె స్వీయకథ ధారావాహికముగ వచ్చినది. దానికి పెట్టిన పేరు తెలుగున పెళ్లగించిన మొక్కయని అర్థమిచ్చును. పిదప కుమార్తె సంపాదకత్వమున 2005లో గ్రంథముగా వెలువడినప్పుడు, అట్టపై ‘ఎ వుమన్ ఆఫ్ సబ్‌స్టెన్స్’ అని పడినది. ఆంగ్లమున లక్షలుగ అమ్ముడుపోయిన బార్బరా టేలర్ బ్రాడ్‌ఫర్డ్ నవలకు 1979లోనే ఉన్న పేరది. మొదటి పేరున మన్ను అంటిన వేళ్లు కలవు; రెండవదానిలో సన్మానపత్రపు వాసన కలదు. ఆమె గ్రంథమునకు సయితము మారుపేరు తప్పలేదు.

పెట్టెలోనికి: మిగిలిన ముచ్చట్లు

‘జీవన్ ప్రభాత్’, ‘భాభీ’ రెండింటికిని దర్శకుడు జర్మను దేశీయుడు ఫ్రాంజ్ ఆస్టెన్. • తండ్రికి 1964లో భారత ప్రభుత్వము పద్మభూషణమిచ్చెను. కుమార్తెకు 1984లో పాకిస్తాన్ ప్రభుత్వము ‘ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ ఇచ్చెను. • అక్క రషీద్ జహాన్ 1952లో మాస్కోలో మరణించెను. చెల్లెలు 1989 ఫిబ్రవరిలో లాహోరులో.

బుధవారము మధ్యాహ్నము అట్టవిభాగమునుండి పిలుపు వచ్చినది. “ఖుర్షీద్ అని వేయండి” అంటిని. ఆవలి కుఱ్ఱవాడు వ్రాసికొని, ఒక క్షణమాగి, “ఇంటిపేరేమిటండీ?” అని యడిగెను. తండ్రిది అబ్దుల్లా, మగనిది మిర్జా, స్టూడియోవారిది దేవి అని లెక్కపెట్టి చెప్పుచుండగా, “ఒక్కటి చెప్పండి చాలు, చోటు లేదు” అనినాడు.