సంపాతి కన్ను

రెక్కలు కాలి కొండమీద పడియున్న సంపాతి తా నెగురలేకపోయినను, నూఱు యోజనముల కావల లంకలో నున్న సీతను చూచి వానరులకు జాడ చెప్పెను. విమానాశ్రయమందలి కంట్రోల్ టవరు చేయు పనియు నిట్టిదే. 2022 వఱకు చిత్తూరు జిల్లాలో నుండిన రేణిగుంటయందు, తిరుపతి విమానాశ్రయమున, 2015 అక్టోబరు 22న ప్రారంభమైన ప్రయాణికుల భవనమునకు గరుడ టెర్మినల్ అని పేరిడిరి. సంపాతి ఆ గరుడునకు అన్న కొడుకు. పినతండ్రి పేరు భవనమునకు తగినట్లే, ఈ పేరు టవరునకు తగియుండును.

టవరు కట్టువారికి మొదటి ప్రశ్న ఎత్తు. పై గదిలో నిలిచినవానికి రన్‌వే రెండు కొనలును, విమానములు నడచు బాటలును అడ్డు లేక కనబడవలెను. ఏ భవనమును, ఏ చెట్టును నడుమ నిలువరాదు. గది చుట్టును అద్దములే. అవి నిట్టనిలువుగా నుండవు. పైభాగము వెలుపలికి వాలియుండును. నిలువుటద్దమైనచో రాత్రివేళ వెనుకనున్న దీపముల ప్రతిబింబము కంటి కెదురుగా నిలిచి, రన్‌వే దీపమేదో, గదిలోని దీపమేదో తెలియకుండ చేయును. లోకప్పునకు నల్లరంగు పూయుటయు నిందులకే. ఇంజనుల హోరు లోపలికి రాకుండ జంట అద్దములు బిగింతురు.

రాడారు లుండగా ఇంత కంటిచూపేల యని యడుగవచ్చును. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయమును పొగమంచు క్రమ్మెను. నేలమీది విమానములను చూపు రాడారు అచ్చట లేదు. ఒకే రన్‌వేపై రెండు జంబో విమానము లుండెను. టవరువారి కొక్కటియు కనబడలేదు. అనుమతి రాకమునుపే ఒక విమానము పైకి లేవ పరుగెత్తి రెండవదానిని ఢీకొనెను. 583 మంది మరణించిరి.

రేణిగుంటకు పడమటి దిక్కున తిరుమల కొండలు గోడవలె నున్నవి. ఈశాన్య ఋతుపవనములు వీచు నెలలలో మబ్బు దిగి ఆ కొండలే మఱుగగును. అట్టివేళ చూపు తగ్గినకొలదిని మాటకు బరువు హెచ్చును. టవరు చెప్పిన ముఖ్యమైన యాజ్ఞను పైలటు తిరిగి వల్లించును. తప్పు వల్లించినచో వెంటనే సరిదిద్దుదురు. మన వేదపాఠశాలలలోని సంత యిదియే గదా!

రేడియో మూగవోయినచో మరల కన్నే గతి. అందులకై టవరులో నొక చేతిదీపము నుంచుదురు. దానిని విమానమువైపు గుఱిపెట్టుదురు. ఆకుపచ్చని వెలుగు నిలకడగా కనబడినచో పైలటు దిగవచ్చును. ఎఱ్ఱని వెలుగు నిలకడగా కనబడినచో, ఇతర విమానములకు దారి విడిచి, ఆకసముననే చుట్టు తిరుగుచుండవలెను.