ప్రణాళికా హద్దుల మార్పు – ఇల్లు కట్టుకోదలచిన వారిపై ప్రభావం

నగర పరిసరాలలో ఇంటి స్థలం కొన్న మధ్యతరగతి కుటుంబానికి ఆ స్థలం తరచుగా జీవితకాలపు పొదుపు. అయితే రిజిస్ట్రేషన్ దస్తావేజు చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టుకొనే హక్కు లభించదు. ఆ స్థలం ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉన్నది, ఏ అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రణాళికకు లోబడి ఉన్నది అన్న రెండు అంశాలపై నిర్మాణ అనుమతి ఆధారపడి ఉంటుంది. ఈ హద్దులు మారినప్పుడు యజమాని హక్కులలో ఏది మారుతుంది, ఏది మారదు అన్న విషయమై ప్రజలలో అపోహలు ఉన్నాయి. హైదరాబాద్ పరిసర ప్రాంతాల అనుభవం ఆధారంగా ఈ అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హద్దులు మారిన క్రమం

2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమై గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జి.హెచ్.ఎం.సి.) ఏర్పడింది. 2008లో హుడా, హైదరాబాద్ విమానాశ్రయ అభివృద్ధి సంస్థ, సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు సంస్థల స్థానంలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్.ఎం.డి.ఎ.) ఏర్పాటయింది. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాలలోని 51 గ్రామ పంచాయతీలను సమీప పురపాలక సంఘాలలో కలిపారు. 2025 మార్చిలో హెచ్.ఎం.డి.ఎ. పరిధిని 11 జిల్లాలు, 104 మండలాలు, 1,355 గ్రామాలకు విస్తరించారు. అదే సమయంలో రంగారెడ్డి జిల్లాలోని 7 మండలాలకు చెందిన 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. వీటిలో 36 గ్రామాలు అంతకుముందు హెచ్.ఎం.డి.ఎ. పరిధిలోనివి. 2025 డిసెంబరులో 27 పురపాలక సంస్థలు జి.హెచ్.ఎం.సి.లో విలీనమయ్యాయి.

తత్ఫలితంగా శంషాబాద్, నార్సింగి, ఘట్‌కేసర్ వంటి చోట్ల కొన్ని గ్రామాలు దాదాపు పదిహేను నెలల కాలంలోనే పంచాయతీ నుంచి పురపాలక సంఘానికి, అక్కడి నుంచి మహానగర పాలక సంస్థకు మారాయి.

మూడు వేర్వేరు వ్యవస్థలు

ఒక స్థలంపై మూడు వ్యవస్థలు ఏకకాలంలో పనిచేస్తాయి. మొదటిది స్థానిక సంస్థ. పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థలలో ఏదో ఒకటి పన్ను విధించి, పౌర సదుపాయాలు కల్పిస్తుంది. రెండవది అభివృద్ధి ప్రాధికార సంస్థ. ఇది మాస్టర్ ప్లాన్ రూపొందించి, నివాస, పారిశ్రామిక, వ్యవసాయ సంరక్షణ, జలవనరుల మండలాలను నిర్దేశిస్తుంది. మూడవది రెవెన్యూ వ్యవస్థ. భూమి సాగుభూమియా, వ్యవసాయేతర భూమియా అన్నది దాని రికార్డులలో ఉంటుంది.

స్థానిక సంస్థ హద్దు మారినంత మాత్రాన మాస్టర్ ప్లాన్‌లోని భూవినియోగం మారదు. గ్రామం పురపాలక సంఘంలో కలిసినప్పటికీ, ప్రణాళికలో సంరక్షణ మండలంగా చూపిన భూమి దానంతట అది నివాస మండలం కాదు. అదేవిధంగా రెవెన్యూ అధికారులు ఇచ్చే వ్యవసాయేతర మార్పిడి ఉత్తర్వు గృహ నిర్మాణ అనుమతితో సమానం కాదు. మార్పిడి రుసుము చెల్లించిన తరువాత కూడా మాస్టర్ ప్లాన్‌కు విరుద్ధమైన నిర్మాణానికి అనుమతి నిరాకరించవచ్చు. యాజమాన్యపు హక్కు మాత్రం ఈ మార్పుల వలన ఏ విధంగానూ దెబ్బతినదు.

నిబంధనలలో వచ్చే తేడా

హద్దు మారినప్పుడు అనుమతి ఇచ్చే అధికారి, రుసుములు, ఖాళీ స్థలపు పన్ను, దరఖాస్తు విధానం మారుతాయి. పురపాలక ప్రాంతాలలో 500 చదరపు మీటర్ల వరకు గల స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వయం ధ్రువీకరణపై అనుమతి పొందే విధానాన్ని 2020 నాటి తెలంగాణ చట్టం ప్రవేశపెట్టింది. ఇది యజమానికి వెసులుబాటే. కాని ధ్రువీకరణలో తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండానే కట్టడాన్ని తొలగించే అధికారాన్ని అదే చట్టం కల్పించింది.

కొన్ని సందర్భాలలో హద్దు రేఖే కొలతను మారుస్తుంది. 2012 ఏప్రిల్ 7 నాటి జి.ఓ.ఎం.ఎస్. నెం. 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నది సరిహద్దు నుంచి పురపాలక హద్దుల వెలుపల 100 మీటర్లు, హద్దుల లోపల 50 మీటర్లు ఖాళీగా వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్ల దూరం నిర్దేశించారు. చెరువుల విషయంలో ఈ నిబంధన స్థానిక సంస్థ హద్దుతో మారదు.

పంచాయతీ లేఅవుట్ల సమస్య

హద్దుల మార్పు వలన అధికంగా ఇబ్బంది పడేది అనుమతి లేని లేఅవుట్లలో స్థలాలు కొన్నవారు. పంచాయతీ లేఅవుట్ పేరిట అమ్ముడైన అనేక వెంచర్లకు పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ లేదా ప్రాధికార సంస్థ సాంకేతిక ఆమోదం లేదు. నిబంధనల ప్రకారం పంచాయతీ ఒక్కటే లేఅవుట్‌కు తుది ఆమోదం ఇవ్వజాలదు. గ్రామం పంచాయతీగా ఉన్నంత కాలం బయటపడని ఈ లోపం, పురపాలక సంస్థలో ఇంటి ప్లాను దరఖాస్తు చేసిన రోజున ఎదురవుతుంది. అంటే సమస్యను హద్దు సృష్టించడం లేదు, బయటపెడుతున్నది.

ఇటువంటి స్థలాల క్రమబద్ధీకరణకు 2007, 2015, 2020 సంవత్సరాలలో ప్రభుత్వాలు పథకాలు ప్రకటించాయి. 2020 పథకానికి ఆగస్టు 26ను గడువు తేదీగా నిర్ణయించగా, 25 లక్షలకు పైగా దరఖాస్తులు అందాయి. చెరువు శిఖం, పూర్తి నీటిమట్టం పరిధిలోని స్థలాలు క్రమబద్ధీకరణకు అర్హం కావు. ఇటువంటి స్థలం కొన్న కుటుంబానికి రుసుము చెల్లించి బయటపడే మార్గం కూడా లేదు.

ముసాయిదా దశ కీలకం

2013 జనవరిలో ఆమోదం పొందిన 2031 మహానగర ప్రణాళిక, 2025లో కొత్తగా చేరిన గ్రామాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించినది కాదు. పరిధి విస్తరించిన ప్రాంతాలకు ప్రణాళిక తయారీలో ముసాయిదాను ప్రచురించి, ప్రజల అభ్యంతరాలు, సూచనలు స్వీకరించడం చట్టబద్ధమైన దశ. తమ స్థలం మీదుగా రహదారి ప్రతిపాదన ఉన్నదా, స్థలాన్ని ఏ మండలంగా చూపారు అన్నది సర్వే నంబరు ప్రకారం పరిశీలించుకొని, గడువులోగా లిఖితపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేయవలసి ఉంటుంది. తుది ప్రకటన వెలువడిన తరువాత భూవినియోగ మార్పు కోరడం వ్యయప్రయాసలతో కూడినది. అది ప్రభుత్వ విచక్షణకు లోబడి ఉంటుంది. గ్రామాలలో ముసాయిదాకు తగిన ప్రచారం కల్పించడంలో స్థానిక అధికారులు, పత్రికలు నిర్వహించే పాత్ర ఇందువల్లనే ప్రధానమైనది.

పునాదికి ముందు

హద్దు మారక మునుపు అధికారం గల సంస్థ నుంచి సక్రమంగా పొందిన అనుమతి, దాని గడువు ముగిసే వరకు యజమానికి రక్షణ. అనుమతి ఉత్తర్వు, ఆమోదిత ప్లాను, రుసుము రశీదులను భద్రపరచుకోవాలి. గడువు దాటినా, ప్లానులో మార్పు కోరినా కొత్త సంస్థకు, అప్పటి నిబంధనల ప్రకారం దరఖాస్తు చేయవలసి ఉంటుంది.

స్థలం కొనేవారు లేఅవుట్ ఆమోద సంఖ్యను ప్రాధికార సంస్థ రికార్డులతో సరిచూసుకోవాలి. సర్వే నంబరుకు భూవినియోగ ధ్రువపత్రం పొందాలి. సమీపంలో చెరువు, వాగు ఉంటే నీటిపారుదల శాఖ నుంచి పూర్తి నీటిమట్టం వివరాలు తెలుసుకోవాలి. బయానా చెల్లించక ముందే ఈ పరిశీలన పూర్తి చేసుకొన్న కుటుంబానికి, గ్రామం ఏ సంస్థలో కలిసినా ఇల్లు కట్టుకొనే అవకాశం చేజారే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.