ఇంటి పిల్లికి మూత్రబంధము: ఆహారమును, నీరును

గరిసెలో వడ్లు, గదిలో పసుపు కొమ్ములు, అటుకపైని మక్క విత్తనములు గల రైతు నింట పిల్లి వేడుకకై పెంచు జంతువు కాదు. జీతము లేని కావలిది. ఎలుక తినుదానికంటె కొఱికి, మలమూత్రములతో పాడుచేయునది హెచ్చని మన సభ్యు లందఱు నెఱుగుదురు. అయినను ఎద్దునకు జబ్బు చేసినచో పరుగెత్తు మనము పిల్లికి జబ్బు చేసినచో “అదే తగ్గును” అని యూరకుందుము. ఈ నెల మేము మగపిల్లులకు వచ్చు మూత్రబంధమును గూర్చియు, దానికి గల ఆహార కారణములను గూర్చియు వ్రాయబూనితిమి. ఇందు మేము చేసిన తప్పు కూడ నొకటి కలదు. దానిని ముందుగా చెప్పుకొనుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట యాసంగిలో ముప్కాలు గ్రామమున ఒక సభ్యుని చేను చూడబోయితిమి. మక్కకు కత్తెర పురుగు పట్టినదని పిలిచిరి. పని ముగిసి యింటికి రాగా ఆ యింటి పెద్దమ్మ తమ బూడిదరంగు గండుపిల్లిని చూపి, “సారూ, పిల్లికి కడుపు కట్టినట్టున్నది. ఊకె కూసుంటది, లేస్తది” అనెను. పిల్లి బూడిద కుప్పపై వంగి కూర్చుండి, ముక్కి, లేచి, మరల నాలుగడుగుల దూరమున కూర్చుండుచుండెను. మేము నిలుచున్న చోటినుండియే చూచి, “మలబద్ధము. రెండు చెంచాల ఆముదము పోయుడు” అని చెప్పి వెడలిపోతిమి. మఱునాడు పిల్లి వాంతులు చేసికొనెను. మూడవనాటి తెల్లవాఱుజామున గరిసె ప్రక్కనే చచ్చి పడియుండెను.

తరువాత నొక పశువైద్యునితో ఈ సంగతి ప్రస్తావింపగా ఆయన, “దానికి కట్టినది మలము కాదు, మూత్రము. ఆముదము పేరిట మీరొక దినము పోగొట్టితిరి” అనెను. ఆ వానకాలమున విత్తనపు సంచులను ఎలుకలు చిల్లులు చేసెను. పెద్దమ్మ మమ్మొక మాట యనలేదు. అనియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది. నాటినుండి ఈ వ్యాధిని గూర్చి తెలిసికొన్నదానిని సభ్యుల ముందుంచుచున్నాము.

వ్యాధి యెట్టిది?

ఈ బాధ మన రైతులకు క్రొత్త కాదు. తవుడు, గింజలు హెచ్చుగాను, నీరు తక్కువగాను పెట్టి బలియించిన పొట్టేళ్ళకును, చిన్ననాడే విత్తులు కొట్టిన కోడెలకును మూత్రపు దారిలో రాయి చిక్కి మూత్రము కట్టుట పలువురు చూచియుందురు. ఆవునకు, గొఱ్ఱెకు ఇది అరుదు. ఆడ జంతువునకు మూత్రనాళము పొట్టిది, వెడల్పయినది. మగ జంతువునకు పొడవైనది, సన్ననిది. పిల్లియందును ఇదే న్యాయము. గండుపిల్లి మూత్రనాళము కొనయందు మిక్కిలి సన్నము గనుక, ఇసుక రేణువంత రాయియైనను, జిగురుతో కలిసిన పొడియైనను బిరడావలె దానిని మూసివేయగలదు.

పిల్లి మూత్రములో పుట్టు రాళ్ళలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్ట్రువైటు. ఇది మెగ్నీషియము, అమ్మోనియా, భాస్వరము కలిసి గడ్డకట్టిన లవణము. ఈ పేర్లు ఎరువుల బస్తాలపై చదివిన వారికి కొత్తగా నుండవు. కొన్ని దేశములలో పట్టణముల మురుగునీటినుండి ఈ లవణమునే తీసి ఎరువుగా వాడుచున్నారు. రెండవది కాల్షియము ఆక్సలేటు. ఇవి గాక, రాయి యేదియు లేకయే మూత్రాశయము వాచి, రక్తము పడి, పిల్లి ముక్కుచుండుటయు కలదు. వయసులోనున్న పిల్లులలో ఇదియే హెచ్చు. ఇల్లు మారుట, క్రొత్త పిల్లి వచ్చుట, కుక్క భయము మొదలగు మనోవ్యాకులము దీనికి దోహదము చేయునని వైద్యులు కనుగొనిరి.

కారణ మేదైనను దారి పూర్తిగా మూసికొన్నచో జరుగునది ఒక్కటే. మూత్రాశయము నిండి గట్టిపడును. మూత్రపిండములు పని మానును. బయటకు పోవలసిన విషములు రక్తములో నిలుచును. మనము పొలమునకు వేయు పొటాషులోని పొటాషియమే రక్తములో పెరిగి గుండెను ఆపివేయును. ఒక దినము గడచినచో ప్రాణాపాయము. రెండు మూడు దినములలో మరణము.

పిల్లి స్వభావము

మన యింటి పిల్లి ఆఫ్రికా, పశ్చిమాసియాలలోని యెండభూముల అడవిపిల్లి సంతతిది. సేద్యము పుట్టి ధాన్యము నిలువచేయుట మొదలైన పిదప ఎలుకల వెంట అది మనుష్యుని చేరినది. సైప్రసు ద్వీపమున మనుష్యుని సమాధి చెంతనే పిల్లిని పూడ్చిన తావు బయల్పడి, సుమారు 9,500 సంవత్సరముల నాటిదని 2004లో ప్రకటింపబడినది. అనగా పిల్లి మొదటినుండియు కర్షకుని చుట్టమే.

నీరు దొరకని నేలలో పుట్టిన జంతువగుటచే దానికి దాహము తక్కువ. మూత్రమును మిక్కిలి చిక్కగా చేసి నీటిని పొదుపుచేసికొనును. త్రాగవలసిన నీటిలో ఎక్కువ భాగము వేటాడిన జంతువు మాంసమునుండియే దానికి లభించును. ఎలుక దేహములో నూటికి 65 మొదలు 70 పాళ్ళు నీరే. అంగడిలో అమ్ము ఎండు గుళికలలో నూటికి సుమారు 10 పాళ్ళు, లేదా అంతకు తక్కువ.

నాలుగు కిలోల పిల్లికి తిండిలోనిదియు త్రాగునదియు కలిపి దినమునకు రమారమి 200 మిల్లీలీటర్ల నీరు కావలయును. అది 60 గ్రాముల ఎండు గుళికలు తిన్నచో వానినుండి వచ్చు నీరు ఆఱు గ్రాములు. మిగిలినదంతయు గిన్నెనుండి త్రాగవలయును. దాహము తక్కువగు పిల్లి అంత త్రాగదు. మూత్రము చిక్కబడును. మడిలో నీరింకిన కొలది ఉప్పు పైకి తేలినట్లే చిక్కని మూత్రములో లవణములు రేణువులుగా తేలును.

మేము చెప్పిన ముప్కాలు పిల్లి సంగతి యిదియే. పట్టణమునుండి వచ్చిన కుమారుడు గుళికల సంచి తెచ్చినది మొదలు అది వేట తగ్గించి, ఇంటనే తిని పరుండి బలిసినది. ప్రక్కనే శ్రీరామసాగరము, వరద కాలువ నీటిని వెనుకకు తోడి జలాశయమునకు పంపుటకు కట్టిన పంపుల యిల్లు ఆ యూరనే కలదు. అట్టి యూరిలో నొక పిల్లి కడుపులో నీరు చాలక చచ్చినది.

ఆహారము

పిల్లి కేవల మాంసాహారి. తీపి రుచిని తెలిసికొను శక్తియే దానికి లేదని 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నిజాం చక్కెర కర్మాగారము 1937లో బోధనులో వెలసి, 2015లో మూతపడువఱకు ఈ సీమలో చెఱకు సేద్యము చేసిన యిండ్లలో బెల్లపు ముద్దల ప్రక్కనే పిల్లి నిద్రించి, వానిని మూతితోనైనను ముట్టకుండుటకు కారణ మిదియే.

పెరుగన్నము, పాలబువ్వ మాత్రమే పెట్టుట మన యిండ్లలో వాడుక. ఇది పిల్లికి చాలదు. మాంసములో మాత్రమే తగినంత లభించు టారిను అను పదార్థము లేనిచో పిల్లి గుండె కండరము బలహీనమై సాగునని 1987లో రుజువైనది. కండ్లు కూడ చెడును. మఱియు ధాన్యమే ముఖ్యాహారమైనచో మూత్రములోని పులుపు తగ్గి స్ట్రువైటు తేలుటకు అనుకూలమగును. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరగక విరేచనము లగును.

గుళికలు విషమని మా యభిప్రాయము కాదు. మంచి కంపెనీ గుళికలలో టారిను, ఇతర పోషకములు కొలత ప్రకారము చేర్తురు. లోపము నీటిది. కావున సభ్యులు ఈ క్రింది రీతిని నడుచుకొనుట మేలు.

గుళికలు పెట్టువారు వానిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తబడిన పిదప పెట్టవలయును. వేసవిలో అది పులియకమునుపే మిగిలినది పాఱవేయవలయును. కోడి, చేప ముక్కలను ఉప్పుకారములు లేక ఉడికించి, ఆ నీటితో కూడ పెట్టవచ్చును. అంకాపూరు నాటుకోడి కూర మనకు రుచియే గాని, ఆ మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తమును చెఱచును. ఉడికిన ఎముక చీలి పేగులో గ్రుచ్చుకొనును. ఎముక లేని మాంసము మాత్రమే నిత్యము పెట్టినచో సున్నము చాలదు గనుక దానిని గుళికలకు తోడుగా పెట్టుట మంచిది. ఎండు చేపలలో ఉప్పును ఖనిజములును హెచ్చు, నీరు తక్కువ. వానిని అలవాటు చేయరాదు. ఆహారము మార్చునపుడు వారము పది దినములు పట్టునట్లు కొంచెము కొంచెముగా మార్చవలయును.

నీటి గిన్నెలు వెడల్పైనవి రెండు మూడు వేఱువేఱు చోట్ల, తిండికి దూరముగా నుంచి ప్రతిదినము కడిగి నింపవలయును. ఇంటనే యుండు పిల్లికి పొడి యిసుక తట్ట నొక మూల నుంచవలయును. అది పాడైనచో పిల్లి మూత్రము బిగబట్టును. ఎలుకల మందు పెట్టిన దినములలో పిల్లిని కట్టడి చేయుడు. మందు తిన్న ఎలుక పిల్లికిని మృత్యువే.

ఇచట నొక హెచ్చరిక. మూత్రమును పుల్లగా చేయుటకని నిమ్మరసము, చింతపులుసు పోయరాదు. 1980 తరువాతి కాలమున కంపెనీలు మెగ్నీషియము తగ్గించి, మూత్రమును పుల్లగా చేయు ఆహారములు తయారుచేసెను. స్ట్రువైటు తగ్గెను గాని ఆక్సలేటు రాళ్ళు పెరిగెను. 1981లో నెలకొల్పబడి రాళ్ళను పరీక్షించుచున్న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ కేంద్రమున ఈ మార్పు స్పష్టముగా నమోదైనది. స్ట్రువైటును వైద్యుడు చెప్పిన ఆహారముతో కొన్ని వారములలో కరగించవచ్చును. ఆక్సలేటు కరగదు, తీయవలసినదే. రెంటికిని సమానముగా పనిచేయు నివారణ మూత్రమును పలుచగా నుంచుట. అది నీటి పని.

గుర్తులు, చేయవలసిన పని

పిల్లి మాటిమాటికి కూర్చుండి ముక్కుట, చుక్కలుగా పడుట లేక అసలే పడకుండుట, ఎఱ్ఱని మూత్రము, అరపు, మూత్రద్వారమును నాకుచుండుట, మూలలకు చేరి దాగుట, తరువాత వాంతి — ఇవి గుర్తులు. కడుపు క్రిందిభాగమున మెల్లగా చేయి యుంచినచో గట్టి బత్తాయివలె తగులవచ్చును. దానిని నొక్కరాదు, పగులును. మలబద్ధమా మూత్రబంధమా యని సందేహము కలిగినచో మూత్రబంధమనియే యెంచి నడువుడు. ఇసుకలో తడి గడ్డ యున్నదా లేదా యని చూచుట అన్నిటికంటె సులభమైన పరీక్ష.

ఆముదము పోయరాదు. మనుష్యుల రాళ్ళకు వాడు కొండపిండి, పల్లేరు కషాయములు మూత్రమును పెంచును. మూసికొన్న దారి వెనుక మూత్రము పెరిగినచో కీడే గాని మేలు లేదు. మన జ్వరపు మాత్రయగు పారాసిటమాలు పిల్లికి ప్రాణాంతకము. ఒక్క మాత్రయైనను వేయరాదు.

పిల్లిని మూతగల బుట్టలో పెట్టి అదే దినమున పశువైద్యశాలకు చేర్చుడు. మండలములో సాధనములు లేనిచో నిజామాబాదునకో, కోరుట్ల పశువైద్య కళాశాలకో తీసికొనిపోవలసియుండును; బయలుదేరునపుడే ఫోను చేసి అడుగుట మేలు. వైద్యుడు మత్తు నిచ్చి సన్నని గొట్టముతో దారి తెఱచి, సెలైను ఎక్కించి, రెండు మూడు దినములు చూచును. వ్యాధి తిరిగి వచ్చుట కలదు గనుక ఆహారపు మార్పు తప్పనిసరి.

గడచిన సంవత్సరము ఆ పెద్దమ్మ నుండియే మాకు రాత్రివేళ ఫోను వచ్చెను. క్రొత్తగా పెంచుకొన్న పచ్చరంగు గండుపిల్లి సాయంత్రమునుండి నాలుగుమార్లు బూడిదలో కూర్చుండెననియు, తాను దీపము పట్టి చూచితిననియు, బూడిద పొడిగానే యున్నదనియు చెప్పెను. “ఆముదం పొయ్యలేదు సారూ” అని కూడ అనెను. మేము మాఱు పలుకలేకపోతిమి. తెల్లవాఱకముందే మనుమడు బుట్టను మోటారు సైకిలుపై పెట్టుకొని బయలుదేరెను. మూడవనాడు పిల్లి యిల్లు చేరెను. ఇప్పుడు ఆ యింట గుళికలు నానిన పిదపనే గిన్నెలో పడుచున్నవి.

పిల్లి నడతను దినమెల్ల చూచువారు ఇంటి స్త్రీలు. కావున సభ్యులు ఈ వ్యాసమును ఇంట చదివి వినిపింపవలయునని కోరుచున్నాము. పిల్లి తిండిలో నీరు చేర్చుడు; ఇసుక తడిసినదో లేదో దినమున కొకమాఱు చూడుడు; పొడిగా నున్నచో మఱునాటికి వాయిదా వేయకుడు.