ఆంధ్రా పొన్ని జీఎం బియ్యమా? అపోహలు – వాస్తవాలు

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ చుట్టుపక్కల బియ్యం కొట్లలో ‘ఆంధ్రా పొన్ని’ పేరుతో బస్తాలు అమ్ముతారు. పేరు తమిళులు పెట్టుకున్నది, గింజ మాత్రం మన బాపట్లది. అక్కడి పరిశోధన స్థానం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. యానాం నుంచి పనుల మీద వచ్చేవాళ్లకూ, జిప్మర్ ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఇక్కడి అన్నం పరాయిదిగా అనిపించకపోవడానికి అదో కారణం. ఆ బియ్యం మీదా, పక్కన కుప్పపోసిన నున్నటి టమాటాల మీదా జనానికి ఒకటే అనుమానం: ‘ఇదంతా జీఎం (జన్యుమార్పిడి) సరుకంట కదా!’

అపోహ: సాంబ మసూరి ల్యాబులో జన్యువులు మార్చి తయారుచేసిన బియ్యం.

వాస్తవం: కాదు. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడు వరి రకాలను సంకరించి, వాటి సంతానంలో మేలైనవాటిని ఏరి తెచ్చిన వంగడం అది.

సంకరణం ఎలా చేస్తారో చూస్తే ఈ అనుమానం సగం తీరుతుంది. వరి పువ్వు పొద్దెక్కాక కాసేపే విచ్చుకుంటుంది. తన పుప్పొడితో తానే గింజ కట్టుకునే మొక్క కాబట్టి, విచ్చుకోకముందే అడ్డుపడాలి. పొట్టు పైభాగాన్ని కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేస్తారు. ఒక్కటి మిగిలినా శ్రమంతా వృథా. ఆ వెన్నుకు కాగితం సంచి తొడిగి, తర్వాత తండ్రి రకం పుప్పొడిని దాని మీద దులుపుతారు. అలా పట్టిన గింజల రెండో తరంలో పొడుగువి, పొట్టివి, సన్నగింజవి, లావుగింజవి కలగాపులగంగా వస్తాయి. కావలసినవి ఏరి, మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, ఆరేడు తరాలు గడిస్తేగానీ రకం నిలకడకు రాదు. వరిలో సుమారు 40 వేల జన్యువులు ఉంటాయి. వాటిలో ఏవి ఎటు చేరాయో ఆ ఏరేవాడికి తెలియదు. పైరులో కనిపించే గుణమే అతనికి ఆధారం.

అపోహ: పాత పద్ధతిలో జన్యువులు మారవు, అందుకే అది సహజం.

వాస్తవం: జన్యువులు మారకపోతే కొత్త రకమే లేదు. జీఈబీ 24 పుట్టిందే పాత రకంలో దానంతటది తలెత్తిన ఉత్పరివర్తన వల్ల. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి దేశానికి చూపించిన ఐఆర్ 8 ఎందుకు పొట్టి? ఒక జన్యువులో కొంత ముక్క ఊడిపోయి అది పనిచేయడం మానేసింది కాబట్టి. మనిషి ఆ లోపాన్ని వరంగా మార్చుకున్నాడు, అంతే.

అపోహ: అలాగైతే జన్యు ఇంజినీరింగ్ కూడా తాతముత్తాతలు చేసిందే, కాస్త వేగం పెరిగిందంతే.

వాస్తవం: ఇది జీఎం పంటలను సమర్థించేవాళ్లు చెప్పే మాట. పైవాటికంటే ఇదేమీ తక్కువ అపోహ కాదు. సంకరణానికి చుట్టరికం కావాలి: వరికి వరి, మహా అయితే అడవి వరి. పత్తి పువ్వు మీద ఎన్ని తరాలు ఏ పుప్పొడి దులిపినా మట్టిలోని బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువు అందులోకి రాదు. బీటీ పత్తిలో ఉన్నది ఆ జన్యువే. దాన్ని ల్యాబులో విడిగా తీసి, మొక్క కణంలోకి చొప్పించి, ఆ కణం నుంచి మొక్కను పెంచుతారు. ఒక పద్ధతిలో వేల జన్యువులు తెలియకుండా కలుస్తాయి, రెండోదానిలో తెలిసిన ఒకటి రెండు జన్యువులు ఎక్కడి నుంచైనా రావచ్చు. తేడా జాతి హద్దు దగ్గరుంది, వేగంలో కాదు.

రెంటికీ మధ్య ఇంకో రెండు దారులున్నాయి, రెండూ సాంబ మసూరితోనే చూపించవచ్చు. ఈ రకానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి, ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణం ద్వారానే దీనిలోకి తెచ్చాయి. వాటిలో ఒకటైన ఎక్స్ఏ 21 మూలం ఆఫ్రికా అడవి వరి. నారు దశలోనే ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేసి, జన్యువు చేరిన మొక్కలనే ఉంచుకున్నారు. 2008లో వచ్చిన ఆ ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ జీఎం కాదు. ల్యాబు వాడినంత మాత్రాన జీఎం అయిపోదు.

రెండోది 2025 మే 4న కేంద్రం ప్రకటించిన డీఆర్ఆర్ ధాన్ 100, ‘కమల’. ఇది జన్యు సవరణ. సాంబ మసూరి సొంత జన్యువునే ఒకచోట కోసి మార్చారు, పరాయి జన్యువు చేర్చలేదు. పైరు 20 రోజులు ముందు కోతకు వస్తుందనీ, దిగుబడి 19 శాతం పెరుగుతుందనీ ప్రకటనలో చెప్పారు. ఆ మాట తేల్చాల్సింది ఇక రైతు పొలమే.

అపోహ: బెంగళూరు టమాటా, గింజల్లేని పుచ్చ, ఎర్ర బొప్పాయి జీఎం.

వాస్తవం: మూడూ కావు. ‘నాటు’ టమాటాకు పోటీగా అమ్మే తోలు మందం కాయ హైబ్రిడ్, లారీ ప్రయాణం తట్టుకోవాలని ఎంచి తెచ్చినది. రుచి తగ్గిందని తిట్టండి, న్యాయమే. మన మార్కెట్లలో బాగా కనిపించే రెడ్ లేడీ బొప్పాయి తైవాన్ హైబ్రిడ్. జీఎం బొప్పాయి ఉన్నది హవాయి లాంటి చోట్ల. గింజల్లేని పుచ్చ క్రోమోజోముల లెక్క తప్పించిన సంకరం.

మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగుచేస్తున్న జీఎం పంట ఒక్కటే: 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఆపేశారు. బంగ్లాదేశ్ మాత్రం సాగుకు ఇచ్చింది. అలాగని జీఎం మన వంటింటి గడప తొక్కలేదనీ అనలేం. పత్తిగింజల నూనె వంటల్లో వాడుతున్నదే. నూనెను శుద్ధి చేశాక జన్యు పదార్థం, ప్రొటీను దాదాపు మిగలవు.

అపోహ: జీఎం పంటలోని జన్యువు తింటే మన ఒంట్లో చేరుతుంది.

వాస్తవం: పప్పులో, చేపలో, గోంగూరలో కూడా జన్యువులే. రోజూ తిని అరిగించుకుంటున్నాం. బీటీ ప్రొటీను పురుగు పేగులోని క్షార స్థితిలో, అక్కడి ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తుంది. మన పేగుల్లో ఆ గ్రాహకాలు లేవు. అయినా ప్రతి కొత్త జన్యువునూ విడిగా పరీక్షించి తీరాలి.

అపోహ: బీటీ వేస్తే పురుగు బెడద పోయినట్టే.

వాస్తవం: గులాబీ రంగు పురుగు మొదట ఒక్క జన్యువున్న బీటీ పత్తి బోల్‌గార్డ్‌ను, తర్వాత రెండు జన్యువుల బోల్‌గార్డ్ 2ను తట్టుకుంది. తెలుగు రాష్ట్రాల పత్తి రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: జీఎం విత్తనం మళ్లీ మొలకెత్తకుండా చేస్తారు.

వాస్తవం: ‘టెర్మినేటర్’ పద్ధతికి అమెరికాలో 1998లో పేటెంట్ ఇచ్చినా, ఆ విత్తనం మార్కెట్‌కు రాలేదు. బీటీ పత్తి గింజ మొలుస్తుంది. కానీ ఇక్కడ అమ్మేవి ఎక్కువగా హైబ్రిడ్లు, దాచి విత్తితే గుణాలు చెదిరిపోతాయి. కొత్త ప్యాకెట్ కొనిపించేది హైబ్రిడ్ స్వభావమే. సాంబ మసూరి లాంటి సూటి రకాలకు ఆ ఇబ్బంది లేదు. వాటి గింజను రైతు దాచుకుని విత్తుకోవచ్చు, పక్కవాళ్లకు ఇవ్వచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరుతో విత్తనంగా అమ్మడాన్ని మాత్రమే 2001 నాటి రైతు హక్కుల చట్టం ఒప్పుకోదు.