హైదరాబాదు నుంచి చికాగోకు ఎంత దూరం? ఎన్ని గంటలు?

ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో పైచదువులు చదవడానికి తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎంపికైన వారికి రూ. 20 లక్షల దాకా సాయం అందుతుంది. కాబట్టి విమాన ప్రయాణం సంగతి సంక్షేమ హాస్టల్ విద్యార్థులమైన మనకూ అవసరమే.

ముందు మనకు తెలిసిన దారి చూద్దాం. ఖమ్మం నుంచి భద్రాచలానికి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బస్సులో సుమారు 120 కి.మీ. పైనుంచి సూటిగా కొలిస్తే 90 కి.మీ. మాత్రమే. రోడ్డు ఊళ్ళను కలుపుకుంటూ, వాగులను, గుట్టలను తప్పించుకుంటూ పోతుంది. విమానానికి ఆ ఇబ్బంది లేదు.

అలా కొలిస్తే హైదరాబాదు నుంచి చికాగోకు సుమారు 13,300 కి.మీ. గోడమీది పటంలో చూస్తే ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పోవాలనిపిస్తుంది. కానీ భూమి గుండ్రం. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టి చూడండి. అది రష్యా మీదుగా పైకి పోయి, ఆర్కిటిక్ సముద్రం, గ్రీన్‌లాండ్ దాటి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. అదే దగ్గరి దారి. దీన్నే మహావృత్తం అంటారు.

2021 జనవరి 15న ఎయిరిండియా ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టింది. ఆ సర్వీసు ఎల్లకాలం నడవలేదు గానీ, దాని టైంటేబుల్ మనకు మంచి పాఠం. ఇక్కడ మధ్యాహ్నం 12.50కి బయలుదేరి, అదే రోజు సాయంత్రం 6.05కి అక్కడ దిగాలి. అంటే ఐదుంబావు గంటలేనా? కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఒక్కో దేశానికి ఒక్కో సమయం. చలికాలంలో చికాగో గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అది కలిపితే అసలు ప్రయాణం 16 గంటల 45 నిమిషాలు.

తిరుగు విమానం బుధవారం రాత్రి 9.30కి బయలుదేరి, శుక్రవారం తెల్లవారకముందే 12.40కి ఇక్కడ దిగేది. గడియారం 27 గంటల 10 నిమిషాలు చూపినా, పదకొండున్నర తీసేస్తే 15 గంటల 40 నిమిషాలే. గంటకు పైగా ఎందుకు తగ్గింది? పైన పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు వీస్తాయి. వచ్చేటప్పుడు అవి విమానాన్ని వెనకనుంచి తోస్తాయి, పోయేటప్పుడు ఎదురొస్తాయి.

దుబాయ్‌లో విమానం మారితే మొత్తం దూరం సుమారు 14,200 కి.మీ. దూరం 900 కి.మీ. పెరిగినా, అక్కడ వేచి ఉండే గంటలే ఎక్కువ భారం.

టికెట్‌పై వేసే సమయాలన్నీ ఆయా ఊళ్ళ సమయాలే. రాత్రి 12 దాటితే తేదీ మారుతుంది. 12.40 అని చూసి మధ్యాహ్నం అనుకుంటే విమానం తప్పిపోతుంది, టికెట్ డబ్బు పోతుంది. ఇంకొక మాట. ముదిగొండలో రాత్రి 9 గంటలకు అమ్మానాన్న పనులు ముగించుకొని కూర్చుంటే, చలికాలంలో చికాగోలో అదే రోజు ఉదయం 9.30. రేపు మనలో ఎవరు వెళ్ళినా ఇంటికి ఫోన్ చేయడానికి ఆ వేళ గుర్తుంచుకోవాలి.