నిరుపయోగ రైల్వే భూముల పునరభివృద్ధి: కింగ్స్ క్రాస్ ఉదాహరణ

పరిచయం

పెద్ద నగరాల్లో రైల్వే స్టేషన్లను ఆనుకొని గూడ్స్ షెడ్లు, బొగ్గు యార్డులు ఉండేవి. సరకు రవాణా లారీలకు మళ్లిన తరువాత వీటిలో చాలావరకు పని లేకుండా మిగిలిపోయాయి. నగరం నడిబొడ్డున ఉన్న భూమి దశాబ్దాల తరబడి ఎందుకు ఖాళీగా ఉంటుంది? దాన్ని తిరిగి వాడుకలోకి తెస్తే వచ్చే లాభం ఎవరికి చేరుతుంది? లండన్‌లోని కింగ్స్ క్రాస్ ఉదాహరణతో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

1. భూమి ఎందుకు ఖాళీగా ఉండిపోయింది?

కింగ్స్ క్రాస్ స్టేషన్ 1852లో ప్రారంభమైంది. దాని వెనుక ఉన్న గూడ్స్ యార్డులో బొగ్గు, గోధుమలు దిగేవి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సరకు రాక తగ్గి, గిడ్డంగులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1980లలో ఒక పెద్ద ప్రణాళిక తయారైంది. అయితే ఆస్తుల ధరలు పడిపోవడంతో అది ఆగిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇలాంటి భూమి విలువ లేక ఖాళీగా ఉండదు. కింద సొరంగాలు, కలుషితమైన నేల, పరిరక్షించవలసిన పాత కట్టడాలు, ఒకరికి మించిన యజమానులు ఉంటారు. ఖర్చు ముందు పెట్టాలి, ఆదాయం ఎన్నో ఏళ్లకు గాని రాదు. అందువల్ల చిన్న బిల్డర్లు ముందుకు రారు.

2. భూమి యజమాని భాగస్వామి కావడం

చానెల్ టన్నెల్ నుంచి వచ్చే హైస్పీడ్ రైలు మార్గాన్ని పక్కనే ఉన్న సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు తీసుకురావాలని 1996లో నిర్ణయమైంది. 2007లో రైళ్లు నడిచాయి. ప్రజాధనంతో వచ్చిన ఈ మార్గమే పక్క భూమి విలువను పెంచింది. అభివృద్ధి బాధ్యతను ఆర్జెంట్ అనే సంస్థ చేపట్టింది. రైల్వే భూమి యజమాని లండన్ అండ్ కాంటినెంటల్ రైల్వేస్ ఆరంభంలోనే ధర తీసుకొని తప్పుకోలేదు. భూమినే పెట్టుబడిగా పెట్టి భాగస్వామి అయింది. ఆ 36.5 శాతం వాటాను బ్రిటిష్ ప్రభుత్వం 2016లో 37.1 కోట్ల పౌండ్లకు అమ్మింది. భూమి విలువ పెరిగేదాకా ఆగినందువల్ల ఆ పెరుగుదలలో ప్రజలకూ వాటా దక్కింది.

3. వాడుకల మేళవింపు

సుమారు 67 ఎకరాల ఈ స్థలంలో నిర్మాణాలకు స్థానిక క్యామ్డెన్ కౌన్సిల్ 2006లో అనుమతి ఇచ్చింది. ఇళ్లు, కార్యాలయాలు, దుకాణాలతో పాటు పార్కులూ కూడళ్లూ ప్రణాళికలో ఉన్నాయి. పాత ధాన్యపు గిడ్డంగిలోకి 2011లో సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాల వచ్చింది. బొగ్గు దింపే షెడ్లు 2018లో దుకాణాలయ్యాయి. ఈ క్రమం ముఖ్యమైనది. వేలాది విద్యార్థులు ముందుగా రావడంతో ఆ చోటు జనసంచారం గలదయింది. జనసంచారం ఉన్నచోటే వ్యాపారం నిలుస్తుంది.

4. విమర్శలు

అందుబాటు ధరల ఇళ్లు చాలవని స్థానిక బృందాలు మొదటి నుంచీ వాదించాయి. తరువాతి సవరణల్లో వాటి సంఖ్య ఇంకా తగ్గింది. వీధులు, కూడళ్లు అందరికీ తెరిచి ఉన్నా, వాటి నిర్వహణ ప్రైవేటు చేతుల్లో ఉంది. అక్కడ ముఖాలను గుర్తించే కెమెరాలు వాడారని 2019లో వెల్లడి కావడంతో తీవ్ర వివాదం రేగింది. నడిచే వీధి ఎవరిది అన్న ప్రశ్న అప్పుడు అందరికీ అర్థమైంది.

5. మన దేశంలో

రైల్వే చట్టానికి 2005లో చేసిన సవరణ ద్వారా రైల్వే భూమి అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఖాళీ భూములను వాణిజ్య వినియోగానికి ఇచ్చి, టికెట్లు, సరకు చార్జీలు కాక ఇతర ఆదాయం సంపాదించడం దాని ముఖ్య ఉద్దేశం. సాధారణంగా భూమిని లీజుకు ఇస్తారు గనుక యాజమాన్యం రైల్వే వద్దనే ఉంటుంది. ఇది మేలైన అంశం. కాని ఆదాయమే లక్ష్యమైతే పార్కు, పాఠశాల, పేదల ఇళ్లు వాటంతట అవి రావు. వాటిని లీజు షరతుల్లోనో, నగర ప్రణాళికలోనో ముందుగానే రాయాలి.

సారాంశం

రైల్వే భూమి విలువలో పెద్ద భాగం ప్రజల పెట్టుబడి వల్ల వచ్చిందే. అందులో ప్రజల వాటా ఎంతో నిర్ణయించేది ఒప్పందం. నిర్మాణం మొదలయ్యాక అడిగేవాటికి బలం తక్కువ.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రైల్వే భూములు ఖాళీగా ఉండటానికి గల కారణాలు రాయండి.
2. భూమిని అమ్మడానికీ, భాగస్వామిగా ఉండటానికీ గల తేడా వివరించండి.
3. మీ ఊరి స్టేషన్ దగ్గర వాడకంలో లేని స్థలం ఉంటే గమనించండి. దాన్ని లీజుకు ఇచ్చే ముందు ఒప్పందంలో మీరు చేర్చే మూడు షరతులు రాయండి.