తినేది తక్కువే.. బరువెందుకు తగ్గదు?

‘పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం ఇంత అన్నం. రాత్రి అదీ లేదు, చపాతీలే. అయినా బరువు తగ్గట్లేదు డాక్టరుగారూ!’ ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. చెప్పేవాళ్లలో ఎక్కువమంది నలభై దాటిన మహిళలు. ఇంట్లోవాళ్లు వీళ్ల మాట నమ్మరు. ‘చాటుగా ఏదో తింటున్నావులే’ అని నవ్వుతారు. దాంతో ఉన్న తిండీ ఇంకాస్త తగ్గిస్తారు. నీరసం పెరుగుతుంది గానీ బరువు కదలదు.

మీదీ ఇదే పరిస్థితా? అయితే ముందు ఒక విషయం తెలుసుకోండి. దీని వెనక కారణాలు నాలుగైదు ఉంటాయి. కొన్నింటిని వంటింట్లోనే సరిచేసుకోవచ్చు. కొన్నింటిని మాత్రం ‘ఇంకా తక్కువ తింటే తగ్గుతుందిలే’ అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడమే ముఖ్యం.

లెక్కలోకి రానివి ఎన్నో!

ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్న పదిమందిని 1992లో అమెరికా పరిశోధకులు పరీక్షించారు. ఒక ప్రత్యేకమైన నీటిని తాగించి, శరీరం రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో కొలిచే పద్ధతి ఒకటుంది. దాంతో చూస్తే వాళ్లు చెప్పింది రోజుకు సుమారు 1,000 కేలరీలు, నిజంగా తింటున్నది సుమారు 2,000! శరీరం శక్తిని ఖర్చు చేసే తీరు మాత్రం మామూలుగానే ఉంది. అలాగని వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. కంచంలో పెట్టుకున్నది మనకు గుర్తుంటుంది. నిలబడి నోట్లో వేసుకున్నది గుర్తుండదు.

మన ఇళ్లలో లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. రెండేసి చెంచాల చక్కెరతో రోజుకు మూడు టీలు తాగితే పాలతో కలిపి సుమారు 300 కేలరీలు. సాయంత్రం గుప్పెడు వేరుశనగ గుళ్లు తింటే 170. నాలుగు చేగోడీలో, కాసిని జంతికలో 50 గ్రాములైతే 250. అన్నం ముద్ద ముట్టకుండానే 700 దాటిపోయింది. పిల్లలు వదిలేసిన దోసె ముక్క, గిన్నెలో మిగిలిన కూర పారేయలేక తినేస్తే అది అదనం.

ఇక రాత్రి చపాతీలు. కప్పు అన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 200 కేలరీలు. చెంచా నూనెతో కాల్చిన చపాతీ ఒక్కోటి 140. మూడు తింటే 420. అన్నం మానేశామన్న తృప్తే తప్ప తగ్గిందేమీ లేదు. శనివారం ఒక్కపొద్దు పేరుతో అన్నం బదులు పూరీ, ఉప్మా తిన్నా అంతే.

నూనెకు ఓ చిన్న లెక్క ఉంది. మీ ఇంట్లో నలుగురుంటే నెలకు ఎన్ని లీటర్లు వాడుతున్నారు? నాలుగైతే మనిషికి రోజుకు 30 గ్రాములు. అంటే ఒక్క నూనె నుంచే 270 కేలరీలు. ఆవకాయ మీద తేలేది, బయట కొన్న మిర్చి బజ్జీల్లోది ఈ లెక్కలో లేదు.

ఒళ్లూ పొదుపు చేస్తుంది

నిజంగానే బాగా తగ్గించి తినేవాళ్లూ ఉంటారు. మొదటి నెలలో మూడు నాలుగు కిలోలు తగ్గి, తర్వాత ఆగిపోతుంది. మొదట్లో తగ్గినదాంట్లో నీరు కూడా ఉంటుంది. పైగా బరువు తగ్గిన శరీరానికి మునుపటంత శక్తి అక్కర్లేదు. ఆకలి పెరుగుతుంది, కదలిక తెలియకుండానే తగ్గుతుంది.

రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశారు. విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. నీరసం, చలి, చిరాకు, ఎప్పుడూ తిండి ధ్యాసే. కానీ బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది కూడా. అంటే తిండి తగ్గితే ఖర్చు నెమ్మదిస్తుందే తప్ప పూర్తిగా ఆగదు. నెలల తరబడి నిజంగా చాలా తక్కువ తింటున్నా బరువు పెరుగుతూనే ఉంటే, ఆ పెరిగేది కొవ్వేనా అని అనుమానించాలి.

పెరిగేది కొవ్వు కాకపోవచ్చు

లీటరు నీరు ఒంట్లో నిలిస్తే కిలో బరువు పెరిగినట్టే. గుండె, కిడ్నీ, కాలేయం దెబ్బతిన్నప్పుడు జరిగేది ఇదే. సాయంత్రానికి కాళ్లు వాచడం, వేలితో నొక్కితే గుంట పడటం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, మూత్రంలో నురగ ఉంటే ‘లావయ్యాను’ అని పస్తులుండొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మహిళలు మరీ గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి. చేతులు, ముఖం చిక్కిపోతూ పొట్ట మాత్రమే పెరుగుతోందా? నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందా? తరచూ మూత్రానికి వెళ్లాల్సి వస్తోందా? గ్యాస్ అని మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తుంటారు. అండాశయ క్యాన్సర్ ఇలాగే మొదలవ్వొచ్చు. ఈ లక్షణాలు రెండు మూడు వారాలుగా వదలకుండా ఉంటే పొట్ట స్కానింగ్ చేయించుకోండి.

మాత్రలూ పెంచుతాయి

స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ లాంటి షుగర్ మందులు, కొన్ని మానసిక సమస్యల మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ బరువు పెంచగలవు. వీటిని సొంతంగా మానొద్దు. చాలావాటికి ప్రత్యామ్నాయాలుంటాయి, డాక్టరును అడగండి.

మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఊళ్లో ఇచ్చే పేరులేని మాత్రలు, పొట్లాలతో జాగ్రత్త. ‘రెండ్రోజుల్లో లేచి తిరిగాను’ అనిపించే మందుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, మెడ వెనక గూడు కడుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి. షుగర్, బీపీ పెరుగుతాయి. అలాగని ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. ఆ మాత్రలు చేతపట్టుకుని ఆసుపత్రికి రండి, నెమ్మదిగా తగ్గిస్తారు.

అన్నింటికీ థైరాయిడే కాదు

థైరాయిడ్ పనితీరు తగ్గితే బరువు పెరిగే మాట నిజమే. కానీ అది సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే. అందులోనూ చాలావరకు ఉప్పూ నీరే. పాతిక కిలోల అధిక బరువును థైరాయిడ్ మీదకు నెట్టలేం. టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. మామూలుగా ఉంటే బరువు తగ్గడానికని థైరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. గట్టిగా గురకపెడుతూ, పగలంతా నిద్ర తూలుతుంటే నిద్రలో శ్వాస ఆగే సమస్య కావచ్చు.

పస్తులతో నష్టమే

పూటలు మానేస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. రక్తహీనత పెరుగుతుంది, జుట్టు రాలుతుంది. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు రాత్రి భోజనం మానేస్తే షుగర్ పడిపోయి నిద్రలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. తిండి తగ్గించాలనుకుంటే ముందు మందు మోతాదు మార్పించుకోండి.

రేపటి నుంచి ఇలా చేయండి

* మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం, నోట్లో వేసుకున్న ప్రతిదీ అప్పటికప్పుడే రాయండి. టీ చుక్కా, మిగిలిన ముక్కా వదలొద్దు. డాక్టరుకు ఆ కాగితం చూపండి.

* నెలకు సరిపడా నూనె కొలిచి పక్కన పెట్టుకోండి. ముందు ఇప్పుడు వాడేదాంట్లో పావు వంతు తగ్గించండి.

* కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. అన్నం పావు వంతు చాలు. మిగతా పావు గట్టి పప్పు, గుడ్డు, చేప, పెరుగు, శనగలు. నీళ్ల చారు పప్పు కిందికి రాదు.

* అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120-150 కేలరీలే. నడక మానొద్దు, కానీ దాన్ని చూసుకుని బజ్జీ తినొద్దు. కండ నిలవాలంటే వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆన్చి పుషప్స్ లాంటివి చేయండి.

* బరువు వారానికోసారి, పొద్దున్నే, ఒకే కాటా మీద చూసుకోండి. రోజూ కిలో అటూ ఇటూ అవడం మామూలే. నెలకోసారి నడుము చుట్టుకొలత చూడండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

వారానికి అర కిలో తగ్గితే చాలు. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా షుగర్, బీపీ అదుపులోకి రావడం మొదలవుతుంది. మూడు నెలలు ఇలా చేసినా తగ్గకపోతే డాక్టరును కలవండి. ఇప్పుడు వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్లూ, అవసరమైనవారికి శస్త్రచికిత్సలూ ఉన్నాయి. మందుల దుకాణంలో అడిగి కొనేవి మాత్రం కావవి.

బీపీ, షుగర్ పరీక్షలు మీ పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉచితంగానే చేస్తారు. వెళ్లేటప్పుడు ఆ మూడు రోజుల తిండి లెక్కతో పాటు, వాడుతున్న మందులన్నీ, పేరులేని పొట్లాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.